రొయ్య జారేది అంచు కిందనుంచే

రొయ్యకు భయం వేస్తే ముందుకు పరుగెత్తదు. తోకను ఒక్కసారిగా పొట్టకిందకి ముడుచుకుని వెనక్కి ఎగురుతుంది. అంతవరకూ బురద మీద మెల్లగా నడిచిన ప్రాణి రెప్పపాటులో అక్కడ ఉండదు. చేప తీరు వేరు. వల మీద పడగానే అది పైకో పక్కకో దూసుకుపోయి వల కన్నులో మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. రొయ్య మాత్రం నేలకూ వలకూ మధ్య సందు వెతుక్కుంటుంది. ఆ సందు రెండు వేళ్ల వెడల్పున్నా దానికి చాలు. అందుకే విసురు వలతో రొయ్యలు పట్టేవాళ్లకు వల ఎంత పెద్దదన్నది రెండో సంగతి. అంచు అడుగున ఎంత గట్టిగా కూర్చుంటుందన్నది మొదటిది. కొత్తగా వల కొనేవాళ్లలో ఎక్కువమంది దీన్ని తలకిందులు చేస్తారు. దుకాణంలో ఉన్నవాటిలో పెద్ద వల చూసి కొనుక్కుని, గట్టు మీదికి వెళ్లాక ఖాళీ వల లాగుతుంటారు.

కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల పాయలు, కృష్ణ సముద్రంలో కలిసే చోట నాగాయలంక, హంసలదీవి, కొల్లేటి నీళ్లను సముద్రానికి చేర్చే ఉప్పుటేరు, తమిళనాడు సరిహద్దులో పులికాట్. ఈ నీళ్లన్నిటికీ విసురు వల పాత చుట్టమే. మోకాలి లోతు నుంచి మనిషి లోతు వరకూ ఉండే చోట ఒక్క మనిషి, పడవ ఉన్నా లేకపోయినా, వాడుకోగల వల ఇది. భీమవరం, నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద కూడా ఇదే వల కనిపిస్తుంది. అక్కడ దాని పని పట్టుబడి కాదు, లెక్క. ఏటి వలకూ చెరువు వలకూ పోలిక ఉన్నా, కొనేటప్పుడు చూడాల్సినవీ వాడాక చేయాల్సినవీ ఒకటి కావు.

కొసన పట్టుకుని ఎత్తితే విసురు వల ముడిచిన గొడుగులా వేలాడుతుంది. పైకొసన తాడు, తాడు చివర మణికట్టుకు తగిలించుకునే ఉచ్చు. కొస నుంచి కిందికి దిగేకొద్దీ కన్నుల సంఖ్య పెరుగుతూ పోతుంది. చేత్తో అల్లే వలలో కొన్ని వరుసలకొకసారి అదనపు కన్నులు కలుపుతారు. అవి చుట్టూ సమాన దూరంలో పడితేనే వల విసిరినప్పుడు గుండ్రంగా విచ్చుకుంటుంది. మిల్లు గుడ్డతో చేసే వలల్లో త్రికోణపు ముక్కలు కోసి, నాలుగో ఆరో కలిపి కుడతారు. ముక్కలు తక్కువైతే వల గుండ్రం కాకుండా మూలలు తిరిగి విచ్చుకుంటుంది. కుట్టు బిగువుగా ఉన్న చోట అంచు పైకి లేచి నిలబడుతుంది. రొయ్యకు కావలసిన సందు అక్కడే దొరుకుతుంది.

అంచు చుట్టూ సీసపు గుండ్లు గుచ్చిన తాడు ఉంటుంది. మన వైపు వలల్లో ఆ అంచును లోపలికి మడిచి, కొంత కొంత దూరాన పొట్టి దారాలతో వలకు కట్టేస్తారు. అలా లోపలి వైపు చుట్టూ సంచులు ఏర్పడతాయి. తాడు మెల్లగా లాగుతుంటే గుండ్లు అడుగున ఈడ్చుకుంటూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. అడుగున కదిలే రొయ్య వెనక్కి ఎగిరి ఎగిరి చివరికి ఆ సంచుల్లోనే పడుతుంది. ఇంకో రకం వలలో సంచులుండవు. అంచు నుంచి బయల్దేరే దారాలు కొసన ఉన్న ఉంగరం గుండా బయటికి వస్తాయి, తాడు లాగితే అంచంతా లోపలికి ముడుచుకుంటుంది. అమెరికాలో సరదాగా చేపలు పట్టేవాళ్ల చేతుల్లో ఈ రకం ఎక్కువ. పడవ మీంచి లోతు నీళ్లలో విసిరి వేగంగా పైకి లాగాలంటే దానికి తిరుగులేదు. బురద అడుగున్న లోతు తక్కువ పాయల్లో, నేల మీద ఈడ్చుకుంటూ వచ్చే సంచుల వలే రొయ్యకు నమ్మకమైనది.

వల కొనేటప్పుడు అందరూ తికమకపడేది కన్ను కొలత దగ్గర. ఒక ముడి నుంచి పక్క ముడికి కొలిస్తే ఒక లెక్క, కన్నును నిలువుగా సాగదీసి ఈ కొస నుంచి ఆ కొసకు కొలిస్తే దానికి రెట్టింపు. ఒక దుకాణంలో పన్నెండున్నర మిల్లీమీటర్ల వల అన్నదాన్నే ఇంకో దుకాణంలో పాతిక మిల్లీమీటర్ల వల అని అమ్ముతారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. పక్క కొలతా, సాగదీసిన కొలతా అని అడిగి, ఆ తర్వాత జేబులోంచి స్కేలు తీసి తామే కొలుచుకోవడం మంచిది. తినడానికి పనికొచ్చే రొయ్యకు పక్క కొలత పన్నెండు మిల్లీమీటర్ల దగ్గర ఉన్న కన్ను సరిపోతుంది. పది కంటే దిగితే రెండు నష్టాలు. సన్న కన్ను నీటిని సులువుగా పోనివ్వదు కాబట్టి వల నెమ్మదిగా దిగుతుంది. అది అడుగు తాకేలోపు రొయ్య ఎగిరిపోతుంది. ఇక రెండో నష్టం ఏటిది, అందరిదీ.

టైగర్ రొయ్య, తెల్ల రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు పోటుతో పాటు ఏటి మొగల్లోకి, మడ చెట్ల వేళ్ల మధ్యకి వచ్చి, అక్కడి తిండితో పెరిగి, ఎదిగాక మళ్లీ సముద్రానికి పోతాయి. మంచినీటిలో బతికే నీలకంఠ రొయ్యది దీనికి ఎదురు ప్రయాణం. అది పిల్లల కోసం ఉప్పు కలిసిన నీటికి దిగి వస్తుంది, పిల్లలు తిరిగి పైకి ఎక్కుతాయి. రెండు దారులూ కలిసే చోటు ఏటి మొగే. అక్కడ దోమతెర లాంటి కన్నులున్న వల విసిరితే వచ్చేది చిటికెన వేలంత లేని పిల్లలు. వాటితో పాటు చేపపిల్లలు, పీతపిల్లలు కూడా గట్టు మీద ఎండిపోతాయి. హేచరీలు నిలదొక్కుకోని రోజుల్లో చెరువుల కోసం టైగర్ పిల్లలను ఏళ్లలోంచే సన్న వలలతో పట్టేవారు. కావలసిన కొన్ని పిల్లల్ని ఏరుకుని మిగతా ప్రాణులన్నిటినీ పారబోసేవారు. ఆ పని మళ్లీ చేయకూడదు. పెద్ద కన్ను వల కొనడం దయాదాక్షిణ్యం కింద లెక్కేసుకోనక్కర్లేదు. అదే ఏటిలో నాలుగు నెలల తర్వాత వల విసిరేది కూడా ఆ మనిషే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మర పడవలకూ మోటారు పడవలకూ వర్తిస్తుంది. గట్టు మీంచి చేతి వల విసిరేవారికి అది అడ్డు కాదు. అయితే కోరింగ 1978 నుంచి అభయారణ్యం. అక్కడి పాయల్లో దిగేముందు అటవీశాఖ వాళ్ల నిబంధనలు కనుక్కోవాలి.

దారం సంగతికొస్తే, ఇప్పుడు దొరికేవి దాదాపుగా నైలాన్ వలలే. వాటిలోనూ ఒంటి పోగువి, పురి పెట్టినవి అని రెండు రకాలు. ఒంటి పోగు నీరు తక్కువ పీలుస్తుంది, బురద అంటితే దులిపితే పోతుంది, నీటిలో సరిగా కనిపించదు, వేగంగా దిగుతుంది. కానీ బిరుసు. కొత్తది డబ్బాలో మడతపెట్టి ఉన్నంతకాలం ఆ మడతలే దానికి అలవాటై, విసిరినప్పుడు సరిగ్గా విచ్చుకోదు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, సాగదీసి, నాలుగుసార్లు ఖాళీ నేల మీద విసిరితే దారికొస్తుంది. పురి దారం మెత్తన. అడుగున ఒంపులకు తగ్గట్టు పడుకుంటుంది, అతుకు వేయడం సులువు. బరువెక్కడం, రొయ్య తల మీది ముల్లు పోగుల్లో చిక్కుకోవడం దీనితో ఇబ్బంది. నీలకంఠ రొయ్య నీలి కాళ్లు పురి దారంలో చిక్కితే విడదీయడానికే ఒక మనిషి కావాలి. తొందరపడి గుంజితే ముందు తెగేది వలే. పాలిథిన్ దారం వల చవకగా వస్తుందని ఎవరన్నా చూపిస్తే వద్దనడమే మేలు. అది నీటికంటే తేలిక, తేలిపోయే గుణం ఉన్నది. గుండ్లు ఎంత లాగినా వల మధ్యభాగం పైకే చూస్తుంటుంది.

వల పొడవంటే కొస నుంచి అంచు దాకా ఉన్న పొడవు. ఆరడుగుల వల, అంటే సుమారు ఒక బార, పూర్తిగా విచ్చుకుంటే 113 చదరపు అడుగులు కప్పుతుంది. ఎనిమిదడుగులదైతే 201, పదడుగులదైతే 314. అంకెలు చూస్తే పెద్దదే లాభమనిపిస్తుంది. కానీ పదడుగుల వలను సగమే విచ్చేట్టు విసిరే మనిషి కంటే, ఆరడుగుల వలను నిండుగా విచ్చేట్టు విసిరే మనిషికే రొయ్యలు ఎక్కువ. నేర్చుకునేవారికి ఐదారు అడుగులు చాలు. నీటి లోతు కూడా చూసుకోవాలి. లోతు వల పొడవును దాటితే అడుగు చేరేలోపే వల చాలావరకు ముడుచుకుపోతుంది.

ఇక బరువు. అమెరికన్ వలలకు పొడవులో అడుగుకు ఒకటి నుంచి ఒకటిన్నర పౌండ్ల సీసం అనేది వాడుకలో ఉన్న లెక్క. అంటే సుమారు 450 నుంచి 680 గ్రాములు. నిలకడ నీటిలో అంత అక్కర్లేదు. పాటు నీరు సముద్రం వైపు వేగంగా లాగుతున్న పాయలో మాత్రం తేలిక వల కొట్టుకుపోయి ఒక పక్కన పడుతుంది. మొత్తం బరువు కంటే ముఖ్యం, గుండ్ల మధ్య దూరం. దుకాణంలో వలను కిందపెట్టి, అంచు తాడును చేతిలోంచి జారవిడుస్తూ చుట్టూ ఒకసారి తడిమి చూడాలి. గుండుకీ గుండుకీ మధ్య దూరం ఒకేలా ఉందా, ఎక్కడన్నా గుండ్లు ఒకచోట కుప్పపడి పక్కన జానెడు ఖాళీ వదిలాయా, అంచు తాడును వలకు కట్టిన దారం ప్రతి ముడి దగ్గరా బిగిసి ఉందా అన్నది వేళ్లకే తెలుస్తుంది. తర్వాత కొసన పట్టుకుని ఎత్తితే అంచు అంతా ఒకే ఎత్తులో దిగాలి. ఒక పక్క ఎత్తుగా నిలబడితే ఆ వలను పక్కన పెట్టేయవచ్చు, ధర ఎంత తగ్గించినా సరే.

విసిరేటప్పుడు అంచులో కొంత భాగాన్ని పళ్లతో పట్టుకోవడం చాలామందికి అలవాటు. మూడో చెయ్యి లేదు కాబట్టి ఆ పని నోటికి పడింది. పట్టుకునేది సీసపు గుండునైతే అది మంచిది కాదు. సీసం ఒంట్లో చేరి నిలిచిపోతుంది, పసిపిల్లలకైతే మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. గుండుకు పైన ఉన్న వల గుడ్డను పట్టుకోవచ్చు, లేదా మోచేతి మీద వేసుకుని విసిరే పద్ధతి నేర్చుకోవచ్చు. వల పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముద్ద పిల్లల నోట్లో పెట్టకూడదు.

రొయ్య దొరికే వేళ కూడా వల ఎంపికను మారుస్తుంది. టైగర్ రొయ్య పగటిపూట బురదలో కూరుకుని చీకటి పడ్డాక బయటికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటూ పాటూ బలంగా ఉంటాయి. ఎదిగిన రొయ్యలు పాటు నీటితో సముద్రం వైపు జారేది అప్పుడే. కాబట్టి రాత్రి ఏటి మొగ దగ్గర విసిరేవారికి కాస్త బరువైన అంచు కావాలి. పగలు మడుగుల్లో విసిరేవారికి మెత్తని పురి దారం వల నయం. మణికట్టు ఉచ్చు మాత్రం ఎప్పుడూ జారుముడిగా కాకుండా, అవసరమైతే చెయ్యి సులువుగా బయటికి తీసుకునేట్టు వదులుగా ఉండాలి. అడుగున మొద్దుకు వల చిక్కుకుని పాటు లాగుతున్నప్పుడు చెయ్యి ఇరుక్కుంటే ప్రమాదం మనిషికే.

చెరువు గట్టు మీది వలది ఇంకో లోకం. 2009లో వెనామీ రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక ఆంధ్ర తీరంలో చెరువుల రొయ్య అంటే వెనామీయే అన్నట్టయింది. రైతు ఖర్చులో పెద్ద వాటా మేతది. మేత ఎంత వేయాలో తెలియాలంటే నీటికింద ఎన్ని రొయ్యలున్నాయో, ఒక్కొక్కటి ఎంత బరువుందో తెలియాలి. కంటికి కనపడని ఆ లెక్క తీసేది విసురు వలే. ఒక ఎకరం చెరువులో నాలుగు చోట్ల వల విసిరారనుకుందాం. వల విచ్చుకున్న మేర ప్రతిసారీ 9 చదరపు మీటర్లు, నాలుగింటిలో కలిపి 720 రొయ్యలు పడ్డాయి. అంటే విసురుకు 180, చదరపు మీటరుకు 20. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు కాబట్టి చెరువులో సుమారు 81 వేల రొయ్యలు. సగటు బరువు 20 గ్రాములుంటే కిలోకు యాభై, అంటే బేరగాడి భాషలో 50 కౌంట్. మొత్తం సరుకు 1,620 కిలోల దగ్గర. రోజుకు బరువులో రెండు శాతం మేత అనుకుంటే 32 కిలోలు.

ఇప్పుడు వల సగం విచ్చుకున్నా నిండుగా విచ్చుకున్నట్టు లెక్కేస్తే, లేదా మేత పడే చోటే నాలుగుసార్లూ విసిరితే ఈ అంకెలన్నీ కూలిపోతాయి. ఉన్న రొయ్యలకంటే ఇరవై శాతం ఎక్కువ లెక్క కట్టిన రైతు రోజూ ఆరు కిలోలకు పైగా మేత బురదపాలు చేస్తాడు, ఆ బురద నీటిని పాడుచేస్తుంది. అందుకే మంచి రైతులు గట్టు పక్కనొకటి, ఏరేటర్ల దగ్గరొకటి, మధ్యకు దగ్గరగా ఒకటి విసిరి, ప్రతిసారీ వల ఎంతమేర విచ్చుకుందో చూసుకుంటారు. రొయ్యలు పెంకు విడిచి మెత్తగా ఉన్న రోజుల్లో వల వేయరు. ఆ సమయంలో వలలో నలిగినవి తేరుకోవు. ఎండ ముదిరాక కాకుండా ఉదయం చల్లపూట వేస్తారు.

చెరువు వలకున్న అసలు చిక్కు రోగం. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి ఆంధ్ర తీరంలో టైగర్ చెరువులను ఊడ్చేసిన సంగతి పాత రైతులెవరూ మరచిపోలేదు. తెల్లమచ్చ వైరస్ తడి వలతో ఒక చెరువు నుంచి పక్క చెరువుకు సులువుగా ప్రయాణిస్తుంది. ఇక్కడే వల సంరక్షణలో రెండు సలహాలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. నైలాన్ ఎండలో ఎక్కువకాలం ఉంటే పెళుసుబారుతుంది కాబట్టి నీడలో ఆరబెట్టమంటారు. రోగక్రిములు చావాలంటే ఎండ కావాలి. బ్లీచింగ్ పౌడరు నీళ్లలో ముంచితే వైరస్ పోతుంది, దారం బలమూ తగ్గుతుంది. ఏది ఎంచుకోవాలి? ఏటిలో విసిరే వలకైతే నీడే. చెరువు వలకైతే మొహమాటం లేకుండా ఎండ, బ్లీచింగ్ రెండూ. ఒక పంట విలువ ముందు వల ధర ఏపాటిది! ప్రతి చెరువుకూ దాని వల దానికే ఉంచి, ఏడాదికో రెండేళ్లకో కొత్తది కొనుక్కోవడమే తెలివైన లెక్క. బ్లీచింగ్ నీళ్లలో ముంచాక మంచినీళ్లతో బాగా జాడించడం మరవకూడదు.

నూలు వలల కాలంలో కష్టం ఇంకోరకం. తడి నూలు కుళ్లిపోయేది. తుమ్మ చెక్క కషాయంలో నానబెట్టి ఆరబెడితే కొన్నాళ్లు నిలిచేది, మళ్లీ మళ్లీ నానబెట్టాల్సి వచ్చేది. కొచ్చిలో 1957లో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వంటివి నైలాన్ వలలపై పరిశోధనలు చేసి వాటిని మత్స్యకారుల్లోకి తీసుకెళ్లాక ఆ తుమ్మ చెక్క కుండలు మూలపడ్డాయి. నైలాన్ కుళ్లదు. అదే దాని సుఖం, అదే దాని అపాయం కూడా. ఏటిలో తెగిపోయి మొద్దుకు చిక్కిన నైలాన్ వల ఏళ్ల తరబడి చేపల్నీ పీతల్నీ పట్టి చంపుతూనే ఉంటుంది.

రోజువారీ జాగ్రత్త పెద్ద పనేం కాదు. ఉప్పునీటి నుంచి రాగానే మంచినీళ్లలో జాడించాలి. ఉప్పు ఆరిపోయి గరుకుగా మిగిలితే అది ముడుల మధ్య రాసుకుంటూ పోగును కోస్తుంది. సంచుల్లో మిగిలిన రొయ్య తలలు, ఆకులు, ఆలుచిప్పల ముక్కలు చేత్తో ఏరేయాలి. ఒక్క రొయ్య తల మిగిలినా రాత్రికి ఎలుక వస్తుంది. రొయ్య వాసన ఉన్న దారాన్ని అది తిండనుకుని కొరుకుతుంది, తెల్లారేసరికి పిడికిలి దూరేంత బొక్క. ఆరబెట్టేటప్పుడు కొసన వేలాడదీయవచ్చు, కానీ గుండ్లు నేలకు ఆనేట్టు చూడాలి. నాలుగైదు కిలోల సీసం రోజుల తరబడి వేలాడితే కన్నులు సాగి ఆకారం మారిపోతాయి. ఆరాక బకెట్‌లో వదులుగా చుట్టి, డీజిల్ డబ్బాలకూ బ్యాటరీలకూ దూరంగా పెట్టాలి. బ్యాటరీ యాసిడ్ ఒక్క చుక్క పడితే నైలాన్ అక్కడ కరిగిపోతుంది.

చిరుగు చిన్నదున్నప్పుడే అతకాలి. తెగిన కన్నులను ఉన్నవి ఉన్నట్టుగా ముడేస్తే వల ముడుచుకుపోయి, విచ్చుకునేటప్పుడు అక్కడే పట్టేస్తుంది. అందుకని ముందు బొక్కను ఇంకాస్త పెద్దది చేసి అంచులు శుభ్రంగా కత్తిరిస్తారు. పైన ఒక ముడికి మూడు పోగులు మిగిలేట్టు, కింద ఒక ముడికి మూడు పోగులు మిగిలేట్టు, మధ్యలో మిగతా ముడులన్నిటికీ రెండేసి పోగులుండేట్టు. పైన మూడు పోగుల ముడి దగ్గర సూది మొదలుపెట్టి, వరుసల వెంట అటూ ఇటూ అల్లుకుంటూ, కింద మూడు పోగుల ముడి దగ్గర ముగిస్తే కొత్త కన్నులు పాతవాటితో కలిసిపోతాయి. వేలి మందంలో పలక ఒకటి పెట్టుకుని అల్లితే కన్ను కొలత తప్పదు. అలవాటున్న చేతికి అరచేతంత బొక్క కాసేపటి పని. అంచు తాడును వలకు కట్టిన దారాలు మాత్రం ప్రతి నాలుగైదు వేటలకోసారి చూడాలి. బురదలో, ఆలుచిప్పల మీద ఈడ్చుకునేది ఆ దారాలే కాబట్టి ముందు అరిగేవీ అవే. వరసగా మూడు కట్లు ఊడితే వల పైన ఎంత కొత్తగా కనిపించినా రొయ్యలకు ఆ చోట తలుపు తెరిచినట్టే.

వల పని అయిపోయిందని ఎప్పుడు తెలుస్తుంది? ఒక కన్ను రెండు చేతుల వేళ్లతో పట్టుకుని గట్టిగా లాగినప్పుడు దారం పొడిపొడిగా తెగితే, తాజాగా వేసిన అతుకు పక్కనే మళ్లీ కొత్త చిరుగు పడుతుంటే, ఇక అతుకులు వేస్తూ కూర్చోవడం దండగ. అంచు తాడు కోసి సీసపు గుండ్లు వేరు చేసి దాచుకుంటే తర్వాతి వలకు పనికొస్తాయి. ఇంట్లో పొయ్యి మీద కరిగించకూడదు, ఆ పొగ విషం. గుండ్లు తీసిన నైలాన్‌ను చిన్న ముక్కలుగా కత్తిరించి పాత ప్లాస్టిక్ కొనేవారికి ఇవ్వవచ్చు, లేదా మునిసిపాలిటీ చెత్తలో వేయవచ్చు. కాలువ గట్టున మాత్రం వదిలేయకూడదు, మొదటి వరదకే అది ఏటిలోకి చేరుతుంది.